జానెడు నీళ్ళలో జెట్ బోటు

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కాంటర్బరీ మైదానాన్ని పైనుంచి చూస్తే నదులు జడ అల్లినట్టు కనిపిస్తాయి. రకాయా, రంగిటాటా, వైమకరిరి, వైటకి అన్నీ సదరన్ ఆల్ప్స్ కొండల నీళ్ళు మోసుకొచ్చేవే. ఒక్కో నది పాయలు పాయలుగా గులకరాళ్ళ మధ్య విడిపోతుంది, మళ్ళీ కలుస్తుంది, వరద వచ్చినప్పుడల్లా దారి మార్చుకుంటుంది. నీళ్ళు ఉరవడిగా పారతాయి గానీ చాలాచోట్ల మోకాలు కూడా తడవదు. మామూలు మోటారు బోటుకి అక్కడ పని లేదు. దాని ప్రొపెల్లర్ అడుగు కింద వేలాడుతూ ఉంటుంది కాబట్టి తగిలిన మొదటి రాతికే రెక్క విరుగుతుంది.

ఆ నదుల దగ్గరే పెరిగిన బిల్ హామిల్టన్‌కి ఏటికి ఎదురెక్కే బోటు కావాలని ఎప్పటినుంచో కోరిక. 1921లో ఆయన మెకెంజీ ప్రాంతంలో ఐరిష్‌మన్ క్రీక్ అనే గొర్రెల క్షేత్రం కొన్నాడు. అక్కడే వర్క్‌షాపు పెట్టి మట్టి తవ్వే యంత్రాలు తయారుచేశాడు. 1950ల మొదట్లో ఆ పాత కోరిక మీద పడ్డాడు. అప్పటికే అమెరికాలో హాన్లీ హైడ్రోజెట్ అనే పరికరం ఉండేది. నీటిని పీల్చుకుని, బోటు అడుగు కింద అటూ ఇటూ తిరిగే నాజిల్‌లోంచి చిమ్మేది. హామిల్టన్ దాన్ని చూసి తనకి తగ్గట్టు మార్చి చేసుకున్న యూనిట్ పెద్దగా లాగలేదు. నాజిల్‌ని అడుగు కిందనుంచి తీసేసి, బోటు వెనక గోడలోంచి, నీటిమట్టానికి కాస్త పైన చిమ్మేలా పెడితే ఎలా ఉంటుందని ఆయన దగ్గర పనిచేసే ఒకతను అడిగాడు. అలా పెట్టాక బోటు పరుగందుకుంది. ఇలా నీటిని చిమ్ముతూ పోయేదే జెట్ బోటు.

చిమ్మిన నీరు వెనకున్న నీటిని తోస్తే బోటు ముందుకు కదులుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. నీటిని వేగంగా వెనక్కి విసరడమే బోటుని ముందుకు తన్నుతుంది. మంట ఆర్పేవాళ్ళ చేతిలో గొట్టం వెనక్కి తన్నడం చూసే ఉంటారు. ఆ నీరు పడేది గాల్లోనే కదా. అందుకే నాజిల్ నీళ్ళ పైన ఉన్నా ఏ నష్టమూ లేదు. పైగా నీళ్ళలో ఈడ్చుకుపోయే సామాను ఒకటి తగ్గింది. చుక్కాని కూడా అక్కర్లేదు, నాజిల్ తిప్పితే బోటు తిరుగుతుంది. ఇక బోటు మొత్తంలో అన్నిటికన్నా కింద ఉన్నది దాని అడుగే.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. జెట్ బోటు అనగానే అందరూ నీటిని పీల్చి చిమ్మే పంపు గురించీ ఇంజన్ హార్స్‌పవర్ గురించీ మాట్లాడతారు. పంపు చేసింది అడుగు కిందున్న అడ్డం తీసేయడం. బోటు ఎంత తక్కువ నీళ్ళలో నిలబడుతుంది, ఎంత తక్కువ నీళ్ళ మీదుగా దూసుకుపోతుంది, మలుపులో పట్టు నిలుపుకుంటుందా జారిపోతుందా అన్నవి తేల్చేది అడుగు ఆకారం. పైగా ఆ పంపుకి మంచి నీళ్ళు అందించాల్సింది కూడా అడుగే.

ముందుగా ఒక గందరగోళం విప్పాలి. "ఈ బోటుకి ఎంత లోతు కావాలి?" అనే ప్రశ్నకి ఒక జవాబు ఉండదు, రెండు ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు ఒక లోతు, పరుగులో ఉన్నప్పుడు ఇంకో లోతు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే బోటు కొన్నవాళ్ళు ఇసుక మీద కూర్చుండిపోతారు.

ఆగి ఉన్న బోటు లెక్క ఆర్కిమిడీస్ నాటిది. బోటు ఎంత బరువుందో అంత బరువు నీటిని పక్కకి నెట్టాలి. మనుషులు, ఇంధనం అన్నీ కలిపి 1,080 కిలోల బోటు అనుకుందాం. అడుగు పొడవు 5 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. ముక్కు దగ్గర సన్నబడటం లాంటివి పక్కన పెట్టి, అడుగు బల్లలా చదునుగా ఉందనుకుంటే వైశాల్యం 9 చదరపు మీటర్లు. అంటే 12 సెంటీమీటర్లు మునిగితే చాలు, బోటు తేలుతుంది. అర జాన అన్నమాట. అదే పొడవు, అదే వెడల్పు, అదే బరువు ఉంచి, అడుగుని మాత్రం ఇంగ్లీషు వి అక్షరంలా చేద్దాం. నడిమి గీత నుంచి రెండు పక్కలకీ 15 డిగ్రీల వాలు. ఇప్పుడు అడ్డుకోత దీర్ఘచతురస్రం కాదు, త్రిభుజం. అంతే నీటిని నెట్టాలంటే నడిమి గీత 24 సెంటీమీటర్లు దిగాలి. సరిగ్గా రెట్టింపు, నిండు జాన. ఒక్క కిలో బరువు పెరగలేదు, ఆకారం మారిందంతే.

గోదావరి లంకల్లో నాటు పడవలు చదునైన అడుగుతో ఉండటం వెనక ఉన్నదీ ఈ లెక్కే. గెడ వేసి నెట్టుకుపోయే పడవ గంటకి నాలుగైదు కిలోమీటర్లకి మించి పోదు. దానికి మొదటి లోతుతో తప్ప రెండోదానితో పని లేదు. జెట్ బోటు సంగతి వేరు.

వేగం పెరిగే కొద్దీ నీరు తేల్చడమే కాక తన్నడం కూడా మొదలుపెడుతుంది. ఆ తన్ను వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 10 కిలోమీటర్ల దగ్గర ఉన్న ఒత్తిడి, 40 కిలోమీటర్ల దగ్గర పదహారింతలవుతుంది. చెరువులో చప్పటి పెంకు విసిరితే నీటి మీద టప్పుటప్పుమంటూ గెంతుకుంటూ పోయినట్టే, బోటు కూడా నీళ్ళలోంచి పైకి లేచి ఉపరితలం మీద జారుతుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. అప్పుడు తడిసేది అడుగులో వెనక భాగం మాత్రమే, మునిగేది కొద్ది సెంటీమీటర్లే. న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్ దగ్గర షాటోవర్ నది ఇరుకు లోయల్లో పర్యాటకులని తిప్పే బోట్లు 10 సెంటీమీటర్ల నీటి మీదుగా కూడా పోతాయి. అదే బోటుని అదే చోట ఆపితే గులకరాళ్ళ మీద కూర్చుంటుంది.

ఆగి ఉండటానికీ ప్లేన్ మీదికి ఎక్కడానికీ మధ్య ఒక గుట్ట ఉంది. అసలు కష్టమంతా అక్కడే. లోతు తక్కువైన నీటిలో అల ఎంత వేగంగా పోగలదో ఆ లోతే నిర్ణయిస్తుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే ఆ వేగం వస్తుంది. మీటరు లోతులో గంటకి సుమారు 11 కిలోమీటర్లు, 30 సెంటీమీటర్లలో 6, 10 సెంటీమీటర్లలో మూడున్నర పైచిలుకు. బోటు సరిగ్గా ఆ వేగానికి దగ్గరైనప్పుడు, అది పుట్టించిన అల దాన్ని దాటి ముందుకు పోలేదు, వెనక్కీ పోదు. ముక్కు దగ్గరే పోగుపడుతుంది. బోటు తను పుట్టించిన గుట్టనే తను ఎక్కాల్సి వస్తుంది. ముక్కు లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది. అడుగుకీ నది నేలకీ మధ్య ఇరుక్కున్న నీరు వేగంగా జారిపోతూ ఒత్తిడి తగ్గి బోటుని ఇంకా కిందికి లాగుతుంది. అంటే నీళ్ళు తక్కువున్న చోటే బోటు ఎక్కువ దిగుతుంది.

ఆ గుట్ట దాటాక కథ తిరగబడుతుంది. అలలన్నీ వెనకబడిపోతాయి. ప్లేన్ మీద ఉన్న బోటు నది నేలకి దగ్గరగా పోతున్నప్పుడు అడుగు కింద నొక్కుకున్న నీటికి కిందికి తప్పుకునే చోటు ఉండదు, దాంతో బోటుని ఇంకాస్త ఎత్తుతుంది. లోతు తగ్గిన చోట వేగం తగ్గించాలని మనకి తోస్తుంది, రోడ్డు మీద గుంత కనిపిస్తే బ్రేకు మీద కాలు వేసినట్టు. నదిలో అది సరిగ్గా తప్పు పని. వేగం తీశారంటే బోటు ప్లేన్ మీదినుంచి దిగి, 10 సెంటీమీటర్లు చాలిన చోట జానెడు నీళ్ళు అడుగుతుంది. అదొక్కటే కాదు, జెట్ బోటుకి చుక్కాని లేదు కాబట్టి చిమ్మే నీరు తగ్గితే తిప్పే శక్తీ పోతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు లోతు లేని చోటికి రాకముందే ఎటు వెళ్ళాలో తేల్చుకుంటారు, ఆగాలనుకుంటే లోతున్న మడుగు చూసుకుని ఆగుతారు.

మరి చదునైన అడుగే ఆగినప్పుడు తక్కువ మునుగుతుంది, త్వరగా ప్లేన్ మీదికీ ఎక్కుతుంది. నీటి తన్ను వాలు మీద పడితే కొంత పక్కలకి పోతుంది, చదును మీద పడితే అంతా పైకే ఎత్తుతుంది. అలాంటప్పుడు జెట్ బోట్లన్నీ బల్లల్లా ఎందుకు కట్టరు?

మొదటి కారణం గాలి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. జెట్ పంపు నీళ్ళు తీసుకునే నోరు, అంటే ఇన్‌టేక్, అడుగుకి సమంగా వెనక భాగంలో తెరుచుకుని ఉంటుంది. అడుగు మీదుగా జారి వచ్చిన నీరే దాంట్లోకి వెళ్తుంది. చదునైన అడుగు చిన్న కెరటం మీద పడ్డప్పుడల్లా ముక్కు కింద గాలిని నొక్కిపట్టి, నురగగా మార్చి, అడుగు పొడవునా వెనక్కి తోస్తుంది. ఆ నురగకి పక్కకి పోయే దారి లేదు. నేరుగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు, దాని రెక్కలకి నీటి బదులు నురగ దొరికితే పట్టు చిక్కదు. ఇంజన్ ఒక్కసారిగా గీపెడుతుంది, బోటు మాత్రం కదలదు. ఎదురుగా బండ, కింద జానెడు నీళ్ళు ఉన్న సమయంలో ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వి ఆకారపు అడుగు నీటిని చీల్చి, గాలి బుడగల్ని రెండు పక్కలకీ తోసేస్తుంది. నడిమి గీత వెంట వచ్చే నీరు గట్టిగా, బుడగలు లేకుండా ఉంటుంది. ఇన్‌టేక్ ఉండేదీ ఆ గీత మీదే. పైగా బోటు ఎగిరెగిరి పడుతున్నా అందులో అన్నిటికన్నా కిందున్న చోటు కాబట్టి నీరు వదిలేది కూడా చివరగా అదే. అంటే వి వాలు ఉన్నది ప్రయాణికుల సుఖం కోసమే కాదు, పంపుకి తిండి పెట్టడానికి కూడా.

ఇక్కడే అడుగు మీది చిన్న చిన్న వివరాలు లెక్కకి వస్తాయి. చాలా బోట్ల అడుగున పొడవునా సన్నటి గట్లు ఉంటాయి. స్ట్రేక్‌లంటారు వాటిని. పక్కలకి జారిపోయే నీటిని కిందికి తిప్పి కాస్త ఎత్తు అదనంగా ఇస్తాయి, మలుపులో పట్టునీ ఇస్తాయి. ప్రొపెల్లర్ బోటులో అవి చివరిదాకా ఉన్నా ఇబ్బంది లేదు. జెట్ బోటులో నడిమి గీతకి దగ్గరున్న స్ట్రేక్ తన వెంట గాలి చారని లాక్కొచ్చి ఇన్‌టేక్‌కి ఒప్పజెబుతుంది. అందుకే లోపలి గట్లని ఇన్‌టేక్‌కి చాలా ముందే ఆపేస్తారు. ఇన్‌టేక్ ముందు పొడుచుకొచ్చిన కీల్, అంటే నడిమి గీత వెంట ఉండే గట్టు, ఉండకూడదు, వెల్డింగ్ గుబ్బ ఉండకూడదు, రాయి తగిలి పడ్డ లోతైన సొట్ట కూడా ఉండకూడదు. ఇంజన్ బాగానే ఉండి కూడా బోటు హఠాత్తుగా లాగడం మానేసిందంటే, ఇంజన్ విప్పేముందు అడుగు వైపు తొంగిచూడటం మంచిది.

రెండో కారణం పట్టు. చదునైన అడుగు మలుపులో పళ్ళెంలా పక్కకి జారుతుంది. ఇరుకైన పాయలో ఆ జారుడు బోటుని తీసుకెళ్ళి ఒడ్డుకి కొడుతుంది. వి వాలు, దాని అంచున ఉండే పదునైన మడత నీటిని పట్టుకుంటాయి. అలాగని వాలు మరీ ఎక్కువైతే ఇంకో ప్రమాదం. హామిల్టన్ పేరుతోనే పిలిచే మలుపు ఒకటుంది, పోయే బోటుని దాదాపు ఉన్నచోటే గిరుక్కున తిప్పేయడం. అది కుదరాలంటే వెనక భాగం అదుపులో జారాలి. లోతైన వి జారకుండా నీటిని కరిచిపట్టుకుని బోటుని ఒరగదోస్తుంది. మూడో కారణం దెబ్బ. ఉధృతంగా ఉన్న చోట కెరటం మీద చదునైన అడుగు పడితే ఆ దెబ్బ మనిషి నడుముకీ తగులుతుంది, వెల్డింగ్ అతుకులకీ తగులుతుంది.

ఈ పీకులాటల మధ్య కుదిరిన రాజీలు చూడముచ్చటగా ఉంటాయి. ఒకటి, ముక్కు దగ్గర నిటారు వాలుతో మొదలై వెనక్కి వచ్చేకొద్దీ చదునయ్యే అడుగు. ముందు భాగం కెరటాన్ని చీలుస్తుంది, వెనక భాగం బరువు మోస్తుంది. ఇంకొకటి, వి నడిమి గీతని పదునుగా వదలకుండా ఇన్‌టేక్ వెడల్పున చిన్న చదును పట్టీ చేయడం. ప్లేన్ మీద వేగంగా పోతున్నప్పుడు బోటు ఎక్కువగా ఆ పట్టీ మీదే జారుతుంది. వి చివర కొస ఎలాగూ లోతు అడిగేదే కాబట్టి, దాన్ని కోసేయడం వల్ల కొన్ని సెంటీమీటర్లు మిగులుతాయి. రాయి తగిలినా ఒక్క గీత మీద కాక కాస్త వెడల్పు మీద పడుతుంది. గులకరాళ్ళ నదుల్లో తిరిగే బోట్లకి ఈ పట్టీని మిగతా అడుగు కన్నా మందమైన రేకుతో చేయడం అందుకే.

అమెరికాలో, ముఖ్యంగా అలాస్కాలో, ఇంకో దారి తొక్కారు. బోటు వెనక బయట తగిలించే మామూలు ఔట్‌బోర్డు మోటారుకి ప్రొపెల్లర్ తీసి జెట్ మూతి బిగించి, దాన్ని పైకి ఎత్తడానికి అడుగు వెనక భాగంలో సొరంగం లాంటి కాలువ తొలుస్తారు. నీరు ఆ కాలువలో పైకెక్కి ఇన్‌టేక్‌కి అందుతుంది. ఇంపెల్లర్ నది నేలకి దూరమవుతుంది కాబట్టి మహా పొదుపుగా కనిపిస్తుంది. కానీ కాలువ తొలిచిన మేరకి తేల్చే నీళ్ళు పోయాయి, ఎత్తే చదునూ పోయింది. అదీ ఇంజన్ బరువంతా వేలాడే వెనక భాగంలోనే. కాలువ ఆకారం కాస్త తేడా వచ్చినా దాంట్లోకి గాలి దూరుతుంది. తేలిక బోటుకి ఇది వరం. ఆరుగురిని, సామానుని ఎక్కించే బోటుకి నేనైతే సిఫారసు చేయను.

బరువు గురించి ఒక్క మాట. మొదట వేసిన లెక్కలో చదునైన బోటుకి అదనంగా 90 కిలోలు ఎక్కితే ఒక సెంటీమీటరు దిగుతుంది. చిన్న విషయమే. కానీ ఆ 90 కిలోలూ వెనక మూలన పెడితే బోటు సమంగా దిగదు, వెనక్కి వాలుతుంది, గుట్ట ఎక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. ముందుకి మరీ జరిపితే ముక్కు నీళ్ళని తవ్వుతుంది, ఇన్‌టేక్ దగ్గర అడుగు లేచి గాలి పీలుస్తుంది. జెట్ యూనిట్ లోపల ఎప్పుడూ నిండి ఉండే నీటిని కూడా బోటు బరువులోనే వేసుకోవాలి. ఇంధనం ట్యాంకుని నడిమికి తెచ్చుకోవడం కొన్నిసార్లు పెద్ద ఇంజన్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇక రాళ్ళు. ఆగి ఉన్న బోటులో పంపు తిప్పితే అది అన్ని వైపుల నుంచీ నీరు లాగుతుంది, కిందినుంచి కూడా. సుడి పుట్టి గులకరాళ్ళని, ఇసుకని లేపి ఇన్‌టేక్‌కి అడ్డుగా ఉన్న కడ్డీల దాకా తెస్తుంది. చిన్న రాళ్ళు కడ్డీల మధ్య నుంచి దూరి ఇంపెల్లర్ అంచుల్ని కొరుకుతాయి. ఇంపెల్లర్‌కీ దాని చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు చాలా సన్నం. అది అరిగి పెరిగితే నీరు వెనక్కి జారి తోపు పడిపోతుంది. వేగంగా పోతున్నప్పుడు మాత్రం నీరు ముందునుంచే తోసుకుని లోపలికి వస్తుంది, నేల మీది రాయికి లేచే సమయం ఉండదు. కాబట్టి ఒడ్డు నుంచి బయల్దేరేటప్పుడు కాసేపు దిగి నెట్టి, ప్రవాహంలో కొట్టుకుపోనిచ్చి, లోతు దొరికాక ఇంజన్ పెంచాలి. రివర్సు వేసినప్పుడు కూడా జాగ్రత్త అవసరం. వెనక్కి చిమ్మే నీటిని ముందుకి మళ్ళించడమే రివర్సు. ఆ ధార నేలని తవ్వి ఇన్‌టేక్ ముందు పోస్తుంది.

మన నదుల్లో ఇలాంటి బోటు తిప్పాలంటే గులకరాళ్ళ కన్నా రెండు శత్రువులు ఎక్కువ బాధ పెడతాయి. ఒకటి సన్నటి ఇసుక. కడ్డీలు దాన్ని ఆపలేవు, అది రింగుని ఉప్పు కాగితంలా అరగదీస్తుంది. రెండోది కాలువల నిండా అల్లుకున్న గుర్రపుడెక్క, అది కడ్డీలకి చుట్టుకుని పంపు గొంతు మూసేస్తుంది. అడుగు ఆకారం ఎంత బాగున్నా వీటికి మందు కాదు. ఏ నీళ్ళలో తిరగాలో చూసి బోటు ఎంచుకోవాలనడానికి ఇది కూడా ఒక కారణం.

1960లో హామిల్టన్ జెట్ బోట్లు అమెరికాలో కొలరాడో నది వెంట గ్రాండ్ కాన్యన్‌లో ఏటికి ఎదురెక్కాయి. అక్కడ లోతు సమస్య కాదు, ఇంటి గోడల్లా లేచే కెరటాలే సమస్య. అలాంటి చోట చదునైన అడుగు నిలవదు. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం జెట్ బోట్లలో బంగాళాఖాతం నుంచి గంగ మీదుగా హిమాలయాల వైపు బయల్దేరింది. బోట్లు నడిపినవాళ్ళలో బిల్ కొడుకు జాన్ హామిల్టన్ ఉన్నాడు. గంగ ఆ బోట్లని రెండు రకాలుగా పరీక్షించింది. మైదానంలో వెడల్పైన నీళ్ళు, వాటి కింద దాక్కున్న ఇసుక మేటలు. రిషీకేశ్ దాటాక కొండ చరియల మధ్య ఉరకలు, సుడులు, బండలు. మేటల మీద జారడానికి చదును కావాలి, ఉరకలు చీల్చడానికి వాలు కావాలి, బోటుకి మాత్రం ఒక్కటే అడుగు. ఆ మధ్యే మార్గపు అడుగు వాళ్ళని నందప్రయాగ దాకా తీసుకెళ్ళింది. అక్కడ వాళ్ళని ఆపింది నీళ్ళ కొరత కాదు, నదికి అడ్డంగా దూకుతున్న జలపాతం. బోట్లని అక్కడ వదిలి కొండల్లోకి సాగిపోయారు.